కారుకు ఇంజిన్ ప్రీహీటర్ బిగించడం: నీళ్ల దారి, డీజిల్ దారి, కరెంటు దారి

అడిగిన సంగతి ఇది: 2 లీటర్ల డీజిల్ కారు, రాత్రంతా ఆరుబయటే ఉంటుంది. తెల్లవారేసరికి చలి మైనస్ 25 దాకా దిగుతుంది. ఎప్పుడో తప్ప దగ్గర్లో ప్లగ్ పాయింటు దొరకదు. స్టార్ట్ చేసే ముందే ఇంజిన్‌ను వేడి చేసే, డీజిల్‌తో మండే 5 కిలోవాట్ల ప్రీహీటర్ (బర్నర్) కిట్ తెచ్చుకుని సొంతంగా బిగించుకోవచ్చా, లేక ఇంజిన్ బ్లాక్‌కు కరెంటు హీటర్ పెట్టించుకుంటే సరిపోతుందా?

ముందు చిన్న లెక్క. ఇంజిన్ 120 కిలోలు, అందులో 6 లీటర్ల కూలెంట్ (ఇంజిన్‌లో తిరిగే ద్రవం, వాడుకలో నీళ్లు) అనుకుందాం. ఇనుము, అల్యూమినియం కలిసిన ఆ లోహం ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే దాదాపు 70 కిలోజౌళ్లు కావాలి, కూలెంట్‌కు మరో 20. మొత్తం 90. మైనస్ 20 నుంచి ప్లస్ 20కి తేవాలంటే 3,600 కిలోజౌళ్లు, అంటే సరిగ్గా ఒక యూనిట్ కరెంటు. 5 కిలోవాట్ల బర్నర్‌కు అది 12 నిమిషాల పని, 500 వాట్ల కరెంటు హీటర్‌కు 2 గంటల పని. గాలికి పోయే వేడి, క్యాబిన్ లాక్కునే వేడి కూడా కలుపుకుంటే మొదటిదానికి 25-30 నిమిషాలు, రెండోదానికి 3 గంటలు పడుతుంది. బర్నర్ పూర్తి మంట మీద గంటకు 0.6 లీటరు డీజిల్ తాగుతుంది కాబట్టి పొద్దున అరగంటకు 0.3 లీటరు ఖర్చు.

రోజూ ప్లగ్ పాయింటు దొరికితే కరెంటు హీటరే మేలు. చవక, చప్పుడు లేదు, పాడవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. మీకు ఆ వీలు లేదు కాబట్టి బర్నర్ కిట్టే దారి. స్పానర్లు, మల్టీమీటర్ అలవాటున్న మనిషికి ఇది ఒక పూర్తి రోజు పని. కిట్ కొనేటప్పుడు డీజిల్ యూనిట్టో పెట్రోల్ యూనిట్టో లేబుల్ మీద చూసి తీసుకోండి. రెండింటికీ మండే గది, ఇంధనాన్ని కొలిచి పంపే డోసింగ్ పంపు కొలత వేరు, ఒకదాన్ని మరోదానికి వాడకూడదు. చాలా దేశాల్లో ఈ హీటర్లకు ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 122 వర్తిస్తుంది. ఆ ఆమోదం ముద్ర లేని కిట్ తనిఖీలో, బీమా దగ్గర తలనొప్పి అవుతుంది.

బిగించిన హీటర్ పని చేయట్లేదంటే బర్నర్‌ను విప్పే ముందు మూడు దారులు చూడాలి: నీళ్లు తిరిగే దారి, డీజిల్ వచ్చే దారి, కరెంటు వచ్చే దారి. తప్పు చాలావరకు వాటిలోనే ఉంటుంది, ఎక్కువగా నీళ్ల దారిలో. అందుకే దాని గురించే ఎక్కువ చెబుతాను.

హీటర్‌ను బోనెట్ కింద ఎంత వీలైతే అంత కిందికి పెట్టండి. బంపర్ వెనక మూల, ఫెండర్ లోపలి ఖాళీ, గేర్‌బాక్స్ పైన ఉండే చోటు, ఇవే సాధారణంగా దొరికేవి. హీటర్, నీళ్ల పంపు రెండూ కూలెంట్ ట్యాంకులో నీటి మట్టం కంటే కచ్చితంగా దిగువన ఉండాలి. అలా ఉంటే గాలి తనంతట తానే పైకి పోతుంది. ట్యాంకుకు సమానంగానో పైనో పెడితే ఎంత తీసినా గాలి మళ్లీ మళ్లీ అక్కడే చేరుతుంది. బ్రాకెట్‌ను బాడీకి బోల్టులతో బిగించాలి. ఇంజిన్‌కు బిగిస్తే ఆ అదురుకు బ్రాకెట్ పగులుతుంది. ఏ కోణాల్లో పెట్టవచ్చో మాన్యువల్‌లో బొమ్మ వేసి ఉంటుంది, దాన్ని దాటవద్దు. కొన్ని యూనిట్లను తలకిందులుగా పెడితే మండని డీజిల్ గదిలోనే నిలిచిపోతుంది.

ఇప్పుడు పైపులు. ఇంజిన్ నుంచి క్యాబిన్ హీటర్‌కు రెండు రబ్బరు హోస్‌లు వెళ్తాయి. ఇంజిన్ వేడెక్కుతున్నప్పుడు చేత్తో తాకితే ముందు వేడయ్యేది వెళ్లే పైపు, తర్వాత వేడయ్యేది తిరిగొచ్చే పైపు. ఇది తేల్చుకోకుండా కత్తి పట్టకండి. వెళ్లే పైపును కోసి మధ్యలో ఈ వరసలో కలపాలి: ఇంజిన్ నుంచి పంపు లోపలికి, పంపు నుంచి హీటర్ లోపలికి, హీటర్ నుంచి క్యాబిన్ రేడియేటర్‌కు. అక్కడి నుంచి పాత పైపులోనే నీళ్లు ఇంజిన్‌కు తిరిగి వస్తాయి. పంపు ఎప్పుడూ హీటర్‌కు ముందే, చల్లటి నీటి వైపే ఉండాలి. పంపు మీద, హీటర్ మీద బాణం గుర్తులు ఉంటాయి. తిరగేసి కలిపితే ఇంజిన్ నడిచేటప్పుడు దాని సొంత పంపు ఒకవైపు, ఇది మరోవైపు తోస్తాయి.

క్యాబిన్‌కు వెళ్లే పైపులో నీళ్లు ఆపే వాల్వ్ ఉందేమో చూడండి. పాత డిజైన్లలో చల్లటి గాలి కోరుకున్నప్పుడు అది మూసుకుంటుంది. మూసుకుంటే మన హీటర్‌కు దారే ఉండదు, రెండు నిమిషాల్లో అతివేడి అని ఆగిపోతుంది. అలాంటి కారులో ఇంజిన్ ఆపే ముందు వేడి నాబ్ పూర్తిగా తిప్పి ఉంచాలి, లేదా వాల్వ్‌ను దాటించే చిన్న పైపు వేయాలి. ఇప్పటి కార్లలో చాలావాటికి వాల్వ్ ఉండదు, గాలి పలకలే వేడిని మారుస్తాయి.

హోస్ లోపలి వ్యాసం 18 లేదా 20 మి.మీ. ఉండాలి, అంతకంటే సన్నం చేయవద్దు. తిన్నటి హోస్‌ను బలవంతంగా వంచితే లోపల ముడతపడి దారి సగమవుతుంది. మూల వచ్చిన చోట అచ్చు పోసిన 90 డిగ్రీల మోచేతి హోసే వాడండి. కలిపే గొట్టాలకు చివర్లో ఉబ్బు అంచు ఉండాలి, నున్నటి గొట్టం మీద హోస్ జారిపోతుంది. స్క్రూ క్లిప్పుల కంటే స్ప్రింగ్ క్లిప్పులు నయం. చలికి రబ్బరు కుంచించుకుపోయినా స్ప్రింగ్ పట్టు వదలదు. స్క్రూ క్లిప్పులే దొరికితే నాలుగైదుసార్లు వేడెక్కి చల్లారాక మళ్లీ ఒకసారి బిగించండి. మైనస్ 20లో కారి, వేడెక్కగానే మానిపోయే లీకేజీ అసలు కారణం ఇదే.

పైపులు కలిపాక గాలి తీయడం. కూలెంట్ ఇథిలీన్ గ్లైకాల్, నీళ్లు సగం సగం ఉంటే దాదాపు మైనస్ 37 దాకా గడ్డకట్టదు, మీ చలికి అది చాలు. కారులో ఇప్పుడున్న రకమే పోయండి. వేర్వేరు రకాలు కలిపితే తుప్పు ఆపే మందులు ఒకదాన్నొకటి దెబ్బతీస్తాయి, కొన్నిసార్లు జిగురు కూడా కడుతుంది. క్యాబిన్ వేడి పూర్తిగా పెట్టి, ట్యాంకు మూత తీసి, ఇంజిన్ నడవకుండానే పంపుకు నేరుగా 12 వోల్టులు ఇచ్చి పది నిమిషాలు తిప్పండి. గళగళ చప్పుడు తగ్గి ట్యాంకులోకి బుడగలు రావడం ఆగాలి. తర్వాత మూత పెట్టి, ఇంజిన్ స్టార్ట్ చేసి థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే రేడియేటర్ దారి తెరిచే వాల్వ్) తెరుచుకునే దాకా నడపండి. చల్లారాక మట్టం చూసి నింపండి. ఇంతా అయ్యాకే బర్నర్ వెలిగించాలి. ఓపిక లేక ముందే వెలిగిస్తే హీటర్‌లో నిలిచిన గాలి దగ్గర నీళ్లు మరిగి, ఆవిరై, మరింత గాలిని తోస్తాయి.

పొగ గొట్టం దగ్గర అజాగ్రత్త ప్రాణాల మీదకు వస్తుంది. కిట్‌తో వచ్చే మెలికల స్టీలు గొట్టాన్నే వాడండి, నిడివి మాన్యువల్ చెప్పినంతలోనే ఉంచండి. అది ఎర్రగా కాలేంత వేడెక్కకపోయినా ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. వైర్లు, డీజిల్ పైపు, బ్రేకు పైపుల నుంచి 50 మి.మీ. ఎడం ఉంచండి, అంత చోటు లేనిచోట వేడి ఆపే తొడుగు వేయండి. చివర నేలకేసి దిగాలి. ప్రయాణ దిశకు ఎదురుగా పెట్టకూడదు, ఎదురుగాలి మంటను ఆర్పేస్తుంది. క్యాబిన్‌కు గాలి పీల్చే జాలి అద్దం కింద ఉంటుంది కాబట్టి పొగ బోనెట్ లోపల వదలకుండా కారు కిందికి, అంచు దాకా తీసుకెళ్లాలి. గొట్టం చివరి 150 మి.మీ. లోపల ఒక క్లాంపు తప్పనిసరి. అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట 4 మి.మీ. రంధ్రం చేయండి. మండినప్పుడు పుట్టే నీరు అక్కడ చేరి గడ్డకడితే మర్నాడు దారి మూసుకుపోతుంది. గాలి పీల్చే గొట్టం నోరు మంచు, బురద చిమ్మని చోట, పొగకు దూరంగా ఉండాలి. మూసిన గ్యారేజీలో ఈ హీటర్‌ను ఎప్పుడూ నడపకండి, తలుపు సగం తెరిచినా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. టైమర్ పెట్టిన సంగతి మరచి కారును లోపల పెట్టడం కూడా ప్రమాదమే. బంకులో నింపేటప్పుడు హీటర్ ఆగి ఉండాలి.

డీజిల్ దారిలో మొదటి ప్రశ్న, ఎక్కడి నుంచి తీసుకోవాలి? ఉత్తమం ట్యాంకులోకి సొంత పీల్చే గొట్టం. ట్యాంకుకు రంధ్రం చేయవద్దు. లోపలి పంపు, ఫ్లోట్ ఉన్న మూతను బయటికి తీసి, దూరంగా తీసుకెళ్లి, దాని ప్లాస్టిక్ ముఖానికి రంధ్రం చేసి గొట్టం దించాలి. డ్రిల్ బిట్‌కు గ్రీజు పూస్తే పొట్టు దానికే అంటుకుంటుంది. గొట్టం కొనను ఏటవాలుగా కోసి, ట్యాంకు అడుగుకు 25 మి.మీ. పైన ఆగేలా ఉంచండి. అలా చేస్తే అడుగున చేరే నీళ్లు, మడ్డి పైకి రావు, హీటర్ చివరి చుక్క దాకా తాగేసి మిమ్మల్ని రోడ్డున పడేయదు. ఇంజిన్‌కు వెళ్లే పైపులో దారిని రెండుగా చీల్చే టీ (T) ముక్క పెట్టడం కొందరు సులువంటారు. ట్యాంకులో పంపు ఉన్న కారులో ఆ పైపులో ఒత్తిడి ఉంటుంది, ఒత్తిడి డోసింగ్ పంపును దాటి మండే గదిని ముంచేస్తుంది. ఒత్తిడి లేని పైపైతే టీ జాయింటు దగ్గర గాలి లాక్కుని ఇంజినే మొండికేస్తుంది. నేనైతే టీ ముక్క జోలికి పోను.

డోసింగ్ పంపు ట్యాంకుకు దగ్గరగా, చల్లగా ఉన్న చోట ఉండాలి. దానికి పీల్చే బలం తక్కువ, తోసే బలం ఎక్కువ. నిలువుగా గానీ, బయటికి పోయే కొన కనీసం 15 డిగ్రీలు పైకి ఉండేలా గానీ బిగించండి. అడ్డంగా పడుకోబెడితే లోపలి గాలి బుడగ బయటికి పోక కొలత తప్పుతుంది. రబ్బరు పట్టీలో వేలాడదీయకపోతే టక్ టక్ చప్పుడు సీట్ల కింద హీటర్ నడిచినంతసేపూ వినిపిస్తుంది. కిట్‌లోని 2 మి.మీ. గట్టి నైలాన్ పైపునే వాడండి. లావు రబ్బరు పైపు వేస్తే ఒక్కో టక్కుకు పోవాల్సిన డీజిల్ పైపు సాగుదలలోనే తినేయబడుతుంది, బుడగలు కూడా చేరతాయి. పైపును పదునైన బ్లేడుతో నిటారుగా కోయాలి. కటింగ్ ప్లయర్‌తో నొక్కి కోస్తే నోరు మూసుకుంటుంది. జాయింటులో రెండు కొనలూ రబ్బరు తొడుగు లోపల ఒకదానికొకటి తాకి ఉండాలి. మధ్యలో ఖాళీ వదిలితే అక్కడ బుడగ నిలుస్తుంది, అది దాటినప్పుడల్లా మంట తడబడుతుంది.

ఒక మాట. ప్రీహీటర్ ఇంజిన్‌ను వేడి చేస్తుంది, ట్యాంకులోని డీజిల్‌ను వేడి చేయదు. వేసవి డీజిల్ మిగిలి ఉంటే అందులోని మైనం గడ్డకట్టి ముందు హీటర్ ఫిల్టరే మూసుకుపోతుంది. చలికాలపు డీజిల్ పోసి కొంత దూరం నడిపితేనే అది పంపు పైపులోకీ చేరుతుంది.

కరెంటు దారికి వద్దాం. ముందు బ్యాటరీ మైనస్ విప్పండి. హీటర్ ప్లస్ వైరును బ్యాటరీ నుంచే తీసి, టెర్మినల్‌కు దగ్గరలో మాన్యువల్ చెప్పిన ఫ్యూజ్ పెట్టండి, 5 కిలోవాట్ల యూనిట్లకు సాధారణంగా 20 ఆంపియర్లు. వైరు మందంలో పొదుపు చేయవద్దు. వెలిగే సమయంలో మంట అంటించే గ్లో ప్లగ్ 10 ఆంపియర్ల దరిదాపుల్లో లాగుతుంది. రానూ పోనూ 6 మీటర్ల తీగ 1.5 చ.మి.మీ. అయితే దాదాపు 0.7 వోల్టు దారిలోనే పోతుంది, 4 చ.మి.మీ. అయితే 0.26 వోల్టే. చలికి ముందే కుంగిన బ్యాటరీ మీద ఆ అర వోల్టే వెలగడానికీ, తక్కువ వోల్టేజీ అని ఆగిపోవడానికీ తేడా. మైనస్ టెర్మినల్ మీద బ్యాటరీని కనిపెట్టే సెన్సార్ ఉన్న కారులో ఎర్త్‌ను ఆ టెర్మినల్‌కు కాక బాడీ బోల్టుకు ఇవ్వాలి, లేకపోతే హీటర్ తాగిన కరెంటు కారు లెక్కలోకి రాదు. ఎర్త్ బోల్టు దగ్గర పెయింటు గీకి, బిగించాక గ్రీజు పూయండి.

క్యాబిన్ బ్లోయర్‌ను కూడా హీటర్‌తో తిప్పాలనుకుంటే రిలేతో చేయవచ్చు, నీళ్లు ఓ మోస్తరు వేడయ్యాక కంట్రోలర్ ఆ సంకేతం ఇస్తుంది. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో బ్లోయర్ వేగాన్ని పల్స్ సంకేతంతో నడుపుతారు. అక్కడ రిలేతో నేరుగా 12 వోల్టులు తోస్తే బ్లోయర్ కంట్రోలర్ కాలిపోతుంది, దానికి తగిన పల్స్ మాడ్యూల్ కావాలి. ఇంజిన్ ఆపే ముందు గాలిని అద్దం వైపు, వేడిని పూర్తిగా పెట్టి ఉంచడం అలవాటు చేసుకోండి. అరగంటలో హీటర్, నెమ్మది వేగంలో బ్లోయర్ కలిసి దాదాపు 4 ఆంపియర్-గంటలు తీసుకుంటాయి. 70 ఆంపియర్-గంటల బ్యాటరీకి అది భారం కాదు గానీ, రోజూ కారును పది నిమిషాలే నడిపి ఆపేస్తే అది కొద్దికొద్దిగా ఖాళీ అవుతుంది. హీటర్ ఎంతసేపు నడిచిందో కారు కనీసం అంతసేపు నడవాలి.

మొదటిసారి వెలిగించేటప్పుడు కంగారు పడకండి. పంపు, చిన్న ఫ్యాన్ మొదలవుతాయి, గ్లో ప్లగ్ కాలుతుంది, తర్వాత టక్కులు నెమ్మదిగా మొదలై మంట అందుకున్నాక వేగం పెరుగుతుంది. పొడి పైపులోకి డీజిల్ చేరేసరికి ఒకటి రెండు ప్రయత్నాలు విఫలమవుతాయి. కిట్‌కు డయాగ్నస్టిక్ యాప్ గానీ ప్యానెల్ గానీ ఉంటే ముందే పైపు నింపే ఆజ్ఞ ఇవ్వండి. అది లేక మళ్లీ మళ్లీ బటన్ నొక్కితే కంట్రోలర్ ఇక వెలగనివ్వకుండా తాళం వేసుకుంటుంది, లేదా గదిలో చేరిన డీజిల్ ఒక్కసారి అంటుకుని తెల్లటి పొగ దట్టంగా వస్తుంది. మొదటి కొన్ని నిమిషాలు కొత్త పెయింటు, నూనె కాలిన వాసన మామూలే.

వెలిగాక హీటర్ లోపలికి వచ్చే పైపును, బయటికి పోయే పైపును ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలవండి. గంటకు 500 లీటర్లు తిరిగితే 5 కిలోవాట్ల దగ్గర తేడా 10 డిగ్రీలు ఉండాలి. 30 డిగ్రీలుంటే దారి ఇరుకు లేదా గాలి నిలిచింది. బయటి పైపు కాలిపోతూ లోపలి పైపు మంచులా ఉంటే నీళ్లు అసలు కదలట్లేదు. టక్కులు వినిపిస్తూ పొగ కూడా రాకపోతే డీజిల్ రావట్లేదు. తెల్లపొగ వస్తూ మంట అందుకోకపోతే గ్లో ప్లగ్ గానీ వోల్టేజీ గానీ చూడండి. నల్లపొగ అంటే గాలి చాలట్లేదు, పీల్చే గొట్టం లేదా పొగ గొట్టం ఎక్కడో మూసుకుంది. ఆపేటప్పుడు స్విచ్‌తోనే ఆపండి. రెండు మూడు నిమిషాలు ఫ్యాన్, పంపు నడిచి గదిని చల్లారుస్తాయి. ఆ సమయంలో బ్యాటరీ పీకేస్తే లోపలి సెన్సార్లు, సీళ్లు వేగిపోతాయి.

ఇంకో పరిమితి కూడా ఉంది. ఈ హీటర్ నీళ్లను వేడి చేస్తుంది, ఇంజిన్ అడుగు తొట్టి అయిన సంప్‌లోని ఆయిల్ చాలావరకు చల్లగానే ఉంటుంది. డబ్బా మీద 5డబ్ల్యూ (5W) అని ఉన్న ఆయిల్‌కు, చలిలో ఎంత చిక్కబడుతుందో చూసే పరీక్ష మైనస్ 30 దగ్గర, 0డబ్ల్యూ (0W) ఆయిల్‌కు మైనస్ 35 దగ్గర. మీ చలికి కారు తయారీదారు ఒప్పుకుంటే 0డబ్ల్యూ పోయండి.

ప్లగ్ పాయింటు దొరికే రోజుల కోసం కరెంటు హీటర్ కూడా పెట్టాలనుకుంటే, బ్లాక్‌లోని కోర్ ప్లగ్ (రంధ్రాన్ని మూసే లోహపు మూత) తీసి ఆ రంధ్రంలో దించే రకం అన్నిటికంటే బాగా పని చేస్తుంది. కూలెంట్ దించి, ప్లగ్ ఒక అంచు మీద పంచ్‌తో కొడితే అది అడ్డం తిరుగుతుంది, ప్లయర్‌తో లాగేయవచ్చు. లోపలికి పడనివ్వకండి. రంధ్రం గోడను ఎమరీ పేపర్‌తో నున్నగా చేసి, ఓ-రింగుకు కూలెంట్ పూసి, కాయిల్ బ్లాక్ గోడను తాకకుండా దించి, స్క్రూను మాన్యువల్ చెప్పినంతే బిగించండి. ఎక్కువ బిగిస్తే పట్టీ వంగుతుంది. నీళ్లు నింపకుండా పరీక్షకని కరెంటు ఇస్తే కాయిల్ క్షణాల్లో కాలిపోతుంది. కింది రేడియేటర్ హోస్‌లో పెట్టే రకం కొనే ముందు థర్మోస్టాట్ ఎక్కడుందో చూడండి. అది ఇంజిన్‌లోకి నీళ్లు వచ్చే కింది వైపే ఉంటే, మూసుకున్న థర్మోస్టాట్ అడ్డుపడి ఆ హీటర్ రేడియేటర్‌నే వేడి చేస్తూ కూర్చుంటుంది. ఏ రకమైనా మూడు తీగల రబ్బరు కేబుల్, ఎర్త్ ఉన్న ప్లగ్, కరెంటు లీకేజీ పట్టే బ్రేకర్ ఉండాల్సిందే.

బర్నర్‌ను చలికాలంలో వెలిగించిన ప్రతిసారీ కనీసం 20 నిమిషాలు నడవనివ్వండి, చిన్న చిన్న మంటలకు లోపల మసి పేరుకుంటుంది. మిగతా కాలంలో నెలకోసారి పది నిమిషాలు వెలిగించండి. అలా చేయకపోతే డోసింగ్ పంపు, నీళ్ల పంపు బిగుసుకుపోతాయి, పైపులో పాతబడిన డీజిల్ జిగురవుతుంది. ఆ సంగతి మొదటి చలి రాత్రి తర్వాతే బయటపడుతుంది.